తమ్ముడి సగం నియమం

ఇంటర్నెట్‌లో మేం పెట్టిన బొమ్మల పేజీలో ఎవరూ బొమ్మ గీయరు. ఒక్కొక్కరు ఒక్కో నియమం రాస్తారు: ఎరుపు కనబడితే పక్కన నీలం చుక్క పెట్టు, గీత అంచు తాకితే వెనక్కి తిప్పు, అలా. పేజీ ఆ నియమాలన్నీ కలుపుకుని తనంతట తానే గీసుకుంటూ పోతుంది. నేనూ తమ్ముడూ మా ముందు గదిలో రెండు కుర్చీలు వేసుకుని మొదలుపెట్టాం. నెల తిరిగేసరికి నలభై మంది చేరారు.

ఒకరి నియమాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదన్న కట్టడి నాదే. తమ్ముడి చేతులు ఊరుకోవు, అందరి రాతల్లోనూ వేలు పెట్టేవాడు. వాడి పీడ వదిలించుకోవాలని, రాసినవాళ్లు తప్ప ఇంకెవరూ, చివరికి నేను కూడా, తీయలేనట్టు బిగించేశాను. పెద్ద తెలివి వెలగబెట్టాను.

ఒక మధ్యాహ్నం వాడు కొత్త నియమం మొదలుపెట్టాడు. రోజుకో చోట కొంత చెరిపి, అక్కడ వేరే ఏదో గీయాలట. చెరిపే సగం రాసి, "మిగతాది సాయంత్రం రాస్తాలే అక్కా" అని బండి తాళాలు తీసుకున్నాడు. సాయంత్రం వాడు రాలేదు. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

వాడు పోయి నాలుగు నెలలైంది. వాడి సగం నియమం మాత్రం పొద్దున్నే లేచి తన పని తాను చేసుకుంటూనే ఉంది. రోజూ ఒక తెల్లటి మచ్చ. నిన్న ఎవరివో నీలాల మధ్య, ఇవాళ నా గీతల్లో. అది పడగానే నాకు పక్క కుర్చీ వైపు చూడబుద్ధి కాదు. అమ్మ మాత్రం వంటింట్లో ఫోన్ గోడకు ఆనించుకుని ఆ పేజీనే చూస్తుంటుంది. మచ్చ పడితే వచ్చి వెళ్లాడంటుంది, పాలవాడి గురించి చెప్పినంత మామూలుగా.

తక్కినవాళ్లకు ఓపిక నశించింది. సగం బొమ్మ పోయింది, ఆదివారంలోగా ఆపకపోతే మా దారి మేం చూసుకుంటామన్నారు. వాళ్ల తప్పేముంది? కానీ ఆపాలంటే వాడే ఆపాలి. వాడి పాస్‌వర్డ్ నాకు తెలియనిదేం కాదు, నన్ను ఏడిపించడానికి పెట్టిన పేరే, బండమొహం. శనివారం మధ్యాహ్నం అమ్మ వంటలో ఉండగా వాడి పేరుతో లోపలికి వెళ్లాను. నియమం దొరికింది. తీసెయ్యమంటారా అని పేజీ అడిగింది.

ఎవరు లోపలికి వచ్చినా వాళ్ల పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుందని, అది అందరికీ కనబడుతుందని నాకు గుర్తే లేదు. నా బుర్ర తగలెయ్య. పేజీ కింద అందరూ కబుర్లు రాసుకునే చోట ఒక వరుస పడింది, అమ్మ దగ్గర నుంచి.

"తిన్నావా నాన్నా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేనమ్మా అని రాద్దామనే అనుకున్నాను, ఒట్టు. "తిన్నానమ్మా" అని రాశాను.

కాసేపటికి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. తెర మీద వాడి పేరు చూసి, నా వైపు చూసింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, తప్పయిపోయిందని ఏదో గొణిగాను. అమ్మ తడి చేతులు తుడుచుకుంది. ఆ నియమం తీసెయ్యమంది, పాపం వాళ్ల బొమ్మలన్నీ పాడైపోతున్నాయంది. నేను తీసేశాను.

అమ్మ వాడి కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడింది. వెళ్లబోతూ గొంతు బాగా తగ్గించి అడిగింది.

"రేపు కూడా ఒక్కసారి రమ్మనవే వాణ్ణి."