ఆరోన్ సాక్ష్యం

ఈ అరబ్బు దేశంలో సెలవురోజైన శుక్రవారం ప్రార్థనకు మేమంతా మిర్కాబ్‌లో ఒక ఫ్లాట్లో కూడతాం. దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎక్కడ ఆగితే అక్కడ ఆమెన్ అనడం మా అలవాటు. మంచి అలవాటే, ఆలోచించక్కర్లేదు.

ఆ వారం సాక్ష్యం జహ్రాలో డ్రైవరు పని చేసే ఆరోన్‌ది. భార్య జాయ్సీ చెయ్యి విరగ్గొట్టినందుకు కోర్టు అతనికి ఏడాది జైలు వేసింది. వేసిన నోటితోనే, రెండేళ్ళు బుద్ధిగా ఉంటే జైలుకు వెళ్ళక్కర్లేదంది. ఎముకకు లేని వెసులుబాటు శిక్షకుంది.

"జైలు తప్పిందండి, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కూడా నిలబడిందండి. అంతా దేవుడి కృపండి!" అన్నాడు ఆరోన్.

"ఆమెన్!" అన్నాం. మనదేం పోయింది, విరిగిన చెయ్యి మనది కాదుగా.

అతను తెచ్చిన కేకును జాయ్సీయే కోస్తోంది, ఎడమచేత్తో. కుడిచెయ్యి ఇంకా లేవదు. పాస్టరుగారు కళ్ళు తుడుచుకున్నారు. "నువ్వూ ఓ మాట చెప్పమ్మా. ఇంటాయన్ని ప్రభువు నీకు తిరిగిచ్చాడు."

ఆమె కత్తి పక్కన పెట్టింది.

"ఈయన మళ్ళీ కొడితే అప్పుడు జైల్లో ఏత్తారని లాయరుగారు చెప్పేరండి. మా ఇంట్లో కొట్టించుకోడానికి నేను తప్ప ఇంకెవరూ లేరండి. అంటే ఈయన జైలుకెళ్ళాలంటే ఆ రెండో చెయ్యి కూడా నేనే ఇవ్వాలండి."

అని ఆగింది.

"ఆమెన్!" అన్నాం, అందరం ఒక్క గొంతుతో.