నుదుటి మీద నక్షత్రం

కొత్త టీచరమ్మకి ఒకటో తరగతి అప్పగించి మూడు వారాలైంది. ఆ మూడు వారాలూ గదంతా చేపల బజారే. ముప్ఫై రెండు నోళ్ళు ఒక్కసారే తెరుచుకునేవి. అరిచి అరిచి ఆమె గొంతు పోయి, సాయంత్రానికి సైగలే గతయ్యేవి. మొదటి బెంచీ పిల్లనైతే బడంతా వసపిట్ట అనే పిలిచేది. ఆ పిల్లకి గాలి పీల్చడానికైనా విరామం ఉండేదో లేదో అనుమానమే.

"వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మేం ఇంకొకళ్ళని చూసుకోవాలమ్మా," అని తరగతి చూడ్డానికొచ్చిన బడి పెద్ద మేడమ్ మొహమాటం లేకుండా చెప్పేసింది. టీచరమ్మ ఏడుపు మొహంతో ఇల్లు చేరింది. ఆమె అక్క పన్నెండేళ్ళుగా ఇంకో బళ్ళో పాఠాలు చెబుతోంది. సంగతంతా విని పకపకా నవ్వింది.

"అరిస్తే వింటారటే పిచ్చిదానా? బుద్ధిగా ఉన్నవాళ్ళకి ఏదో ఒకటి ఇచ్చి చూడు."

సోమవారం టీచరమ్మ బంగారు రంగు నక్షత్రాల స్టిక్కర్లు తెచ్చింది. అడక్కుండా నోరు విప్పని వాళ్ళకి సాయంత్రం నుదుటి మీద ఒక నక్షత్రం. వరసగా ఐదు రోజులూ సంపాదించిన వాళ్ళు శుక్రవారం ఇంటికెళ్ళే గంట కొట్టొచ్చు.

మంత్రం వేసినట్టు గది సద్దుమణిగింది. ఫ్యాను కిర్రుమంటుందని ఆమెకి మంగళవారమే తెలిసింది. కిటికీలోంచి పడే ఎండలో సుద్దపొడి తీరిగ్గా, ఎక్కడా దిగాలన్న తొందర లేకుండా, పిల్లల తలల మీదుగా తేలిపోయేది. గదంతా నీళ్ళ అడుగున ఉన్నట్టూ, అందరూ కళ్ళు తెరిచే నిద్రపోతున్నట్టూ ఉండేది. ఆ హాయిలో ఆమె కూడా తేలిపోయింది. చివరికి వసపిట్ట కూడా పెదవులు బిగించి కూర్చుంటే మురిసిపోయింది. మురిసిపోదూ మరి, ఉద్యోగం నిలబడుతుంటే!

శుక్రవారం బడి వదిలే వేళకి పెద్ద మేడమ్ వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది గది. వసపిట్ట బెంచీ మీద చెంప ఆనించి, సగం మూసిన కళ్ళతో ఎటో చూస్తోంది.

"ఎంత బుద్ధిగా ఉందో చూడండి మేడమ్," అంటూ టీచరమ్మ ఐదో నక్షత్రం వేలికి అంటించుకుని వెళ్ళి, ఆ నుదుటి మీద పెట్టబోయింది. వేలు చురుక్కుమంది. పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"ఎప్పట్నించి తల్లీ?"

పిల్ల టీచరమ్మ వేలి మీది నక్షత్రం వంక చూసింది.

"పొద్దున్నించి," అంది మెల్లిగా. "నేను మాట్లాడలేదు టీచర్. మీరు అడిగారనే చెప్పా."

పొద్దున్నించి ఆ తల అలా వాలిపోయి ఉంటే, టీచరమ్మ నాలుగుసార్లు పక్కనించే వెళ్ళింది. నాలుగుసార్లూ మెచ్చుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"క్లాసు బాగా దారికొచ్చిందమ్మా," అంది వెనకనించి పెద్ద మేడమ్. "సోమవారం వచ్చి ఉద్యోగం ఖాయమైనట్టు ఆర్డరు తీసుకో."

అవునని తల ఊపితే చాలు. టీచరమ్మ పిల్లని భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది.

"లేదు మేడమ్. ఈ పిల్లకి జ్వరం. నక్షత్రం పోతుందని పొద్దున్నించీ నాకు చెప్పలేదు." పిల్లల వైపు చూసింది. "ఇంకా ఎవరైనా ఏమైనా దాచుకున్నారా నాన్నా? చెప్పేయండి. నక్షత్రాలు ఎక్కడికీ పోవు."

మూడో బెంచీలోంచి సన్నటి గొంతు వినిపించింది.

"బూటు కరుస్తోంది టీచర్. మంగళవారంనించి."

"నేను ఊడిన పన్ను మింగేశా. చచ్చిపోతానా?"

"నాకు బోర్డు మీద అక్షరాలు కనబడట్లేదు."

ఇక గట్టు తెగింది. ఐదు రోజులుగా మింగిన మాటలన్నీ ఒక్కసారే బయటపడ్డాయి. పెద్ద మేడమ్ లేచి నిలబడింది. ఆమెది కోపమో, జాలో మొహంలో తెలియలేదు. ఆర్డరు మాట మళ్ళీ ఎత్తలేదు. మూడో బెంచీ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బూటు లేసు విప్పడం మొదలుపెట్టింది.

భుజం మీద పిల్ల కాస్త కదిలింది.

"దాహమేస్తోంది టీచర్," అంది, ఎవరూ అడక్కుండానే.

టీచరమ్మ నీళ్ళకోసం పరుగెత్తింది.