మట్టయ్య నడుములోని మాట

సూర్యాపేటలో కుస్తీలు నేర్పే తాలీంఖానా వెనక సందులో సాయమ్మ ఇల్లు. పొద్దున లేస్తూనే ముందురోజు వాడిన ముంతలను బూడిదతో తోమి ఎండలో బోర్లించేది. చిన్న మట్టి ముంతలు, గుప్పిట్లో పట్టేటంతవి. ఆ తర్వాత నువ్వుల నూనె గోరువెచ్చగా కాచేది. అప్పటికే వాకిట్లో నలుగురైదుగురు కూచుని ఉండేవాళ్లు. నాట్లేసి నడుములు పట్టేసిన ఆడవాళ్లు, బస్తాలు మోసి మెడ తిరగని హమాలీలు, కుస్తీలో భుజం ఇరికిన పహిల్వాన్లు. అందరికన్నా ఎక్కువ మూలిగేది పహిల్వాన్లే. పొద్దంతా బురదలో వంగిన ఆడమనిషి పళ్లు బిగబట్టి కూచుంటే, పాలూ గుడ్లూ పోసి పెంచిన ఆ శరీరాలు వేలు ఆనకముందే అమ్మో అనేవి.

ఏమైందో చెప్పకుండా సాయమ్మ ఎవరి మీదా చెయ్యి వేసేది కాదు. పాత మోకు ముక్క ఒకటి పక్కన పెట్టుకుని, దాని పేటలు విప్పి చూపించేది.

"సూడు బిడ్డా, కండంటే గిట్లనే ఉంటది. పేటలు పేటలు. ఒక్క పేట ముడివడితే తాడంత గుంజుకుంటది. నొప్పి ఒక కాడుంటది, ముడి ఇంకో కాడుంటది."

ఆ ముడి ఎక్కడుందో బొటనవేలితో వెతికి పట్టుకునేది. నూనె రాసి గుండె దిక్కుకు పామేది. అప్పటికీ కరగకపోతే దాని మీద పిండి ముద్ద పెట్టి, అందులో వత్తి గుచ్చి వెలిగించి, పైన ముంత బోర్లించేది. లోపల దీపం ఆరిపోయి, కండ ముంతలోకి ఉబికి పట్టుకునేది. కాసేపయ్యాక అంచు పక్కన వేలితో నొక్కితే బుస్సుమని ముంత ఊడివచ్చేది. అందులో మాట ఉండేది.

చెవి వినకుండా వదిలేసిన మాట కండలోకి దిగుతుంది. ఆ చుట్టుపక్కల పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. ఊడిన ముంతను ఆ మనిషే చెవికి ఆనించుకుని, లోపలి మాట విని, "విన్న" అనాలి. అప్పుడు సాయమ్మ అందులో నీళ్లు పోసి గోడవతల పారబోసేది. కండ వదులయ్యేది. హుజూర్‌నగర్ నుంచి వచ్చిన ఒక పట్వారీ వీపులోంచి వరసగా వాళ్లావిడ మాటలే వచ్చాయి. పాపం ఆయన ప్రతి ముంతకీ బుద్ధిగా విన్న, విన్న అనుకుంటూ, నడుము నిటారుగా పెట్టుకుని ఇంటికి పోయాడు. నెల తిరక్కుండా మళ్లీ వచ్చాడనుకోండి, అది వేరే సంగతి.

ఆ నవ్వులన్నీ దాడుల ఏడాదికి ముందు. తర్వాత తుపాకులవాళ్లు ఊళ్ల మీద పడ్డారు, ఇళ్లు తగలబడ్డాయి. ఆ తర్వాత మిలటరీ వచ్చింది, జెండా మారింది, దాడులు ఆగాయి. వీపులు మాత్రం అట్లాగే మిగిలాయి. ముంతల్లోంచి "కొట్టకుండ్రి", "నీళ్లు", "నా బిడ్డ ఏది" అనే మాటలు రావడం మొదలైంది. చాలామంది వినలేమని లేచి పోయేవాళ్లు. వినని ముంతను పారబొయ్యకూడదు. సాయమ్మ వాటికి గుడ్డ కట్టి అటక మీద పెట్టేది. మిట్టమధ్యాహ్నం సందులో సద్దు లేనప్పుడు అవి గొణిగేవి. ఇరుగుపొరుగు వాళ్లకు అలవాటైపోయింది. పసిపిల్లను నిద్రపుచ్చేటప్పుడు మాత్రం, "సాయవ్వా, జర వాటి మీద బొంత కప్పు" అని గోడ మీది నుంచి కేకేసేవాళ్లు.

మాటన్న మనిషి బతికున్నన్నాళ్లు ముంత వెచ్చగా ఉంటుంది. పోతే చల్లబడుతుంది. అందుకని మొగుళ్ల జాడ, కొడుకుల జాడ తెలియని ఆడవాళ్లు వచ్చి ఆ అటక కింద నిలబడేవాళ్లు. తమవాళ్ల గొంతున్న ముంతను సాయమ్మ దించి ఇస్తే, అరచెయ్యి ఆనించి చూసి తిరిగి ఇచ్చేసేవాళ్లు. ఆ రోజుల్లో వెచ్చటి ముంతలు తక్కువ.

ఏసమ్మ మాత్రం ఆ అటక కిందికి ఎప్పుడూ రాలేదు. తన మొగుడు పోయాడని ఆమెకు తెలుసు. ఆమె మొగుడు సత్యానందం, అతని కుస్తీ జోడీ మట్టయ్య కలిసి మాడుగులపల్లికి కోతల కూలికి పోయినప్పుడు అక్కడ దాడి జరిగింది. సత్యానందానికి తూటా తగిలింది. మట్టయ్య అతన్ని వీపున వేసుకుని, మిర్యాలగూడ దవాఖానకు చేర్చాలని చేలకు అడ్డంపడి ఉరికాడు. ఒంటరిగా తిరిగొచ్చాడు. దారిలోనే ప్రాణం పోయిందని, వాగు ఒడ్డున మట్టి చేశానని, ఆ మట్టి వరదకు కొట్టుకుపోయిందని చెప్పాడు. చెబుతూ తల గోడకు కొట్టుకున్నాడు. సత్యానందం కన్నతల్లి సువార్తమ్మే అతన్ని పట్టుకుని ఓదార్చవలసి వచ్చింది.

అప్పటినుంచి ఆ అత్తాకోడళ్ల ఇంటికి మట్టయ్యే దిక్కు. కప్పు కప్పాడు, కట్టెలు కొట్టాడు, జ్వరం వస్తే మందు తెచ్చాడు. ఏడాది దాటాక సువార్తమ్మే మాట ఎత్తింది.

"నేనెన్నాళ్లుంట బిడ్డా. మట్టయ్యను చేస్కో. నా కొడుకును మోసిన మనిషి, నిన్ను మొయ్యడా?"

ఏసమ్మ వారం రోజులు ఆలోచించుకుంది. తర్వాత సరేనంది. సిగ్గుపడుతూనే అంది గాని, ఇష్టపడే అంది. వాకిట్లో ఎవరి అడుగుల చప్పుడైనా ఉలిక్కిపడి లేవడం ఆమెకు ఈమధ్యే తగ్గింది. మట్టయ్య నవ్వితే తనకూ నవ్వు వస్తోందని ఒకరోజు గమనించుకుని తనే భయపడింది. ఈ మనువు జరిగితే ఏసమ్మకు మళ్లీ ఒక బతుకు ఉంటుంది. జరగకపోతే లేదు.

మారుమనువు చేసుకునే మగవాడి వీపు ఆడవాళ్ల తరఫు పెద్దల ముందర ముంతలతో కడిగించాలి. పాత మాట ఏదీ కొత్త కాపురంలోకి రాకూడదని ఆ ఆచారం. మట్టయ్య ఇవాళ కోతలన్నాడు, రేపు కోదాడ కుస్తీలన్నాడు. అతని ఎడమ చెయ్యి భుజం దాటి లేవక ఏడాది దాటింది. ఆ చేత్తో కోదాడలో ఎవరితో పట్టు పడతాడో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది, సువార్తమ్మకు తప్ప. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె అతని కుడిచెయ్యి పట్టుకుని, కోడలిని వెంటబెట్టుకుని, సాయమ్మ వాకిట్లోకి నడిపించింది.

మట్టయ్య అంగీ విప్పి బోర్లా పడుకున్నాడు.

"మెడ జోలికి పోకు సాయవ్వా," అన్నాడు. "గాడ నాకేం నొప్పి లేదు."

సాయమ్మ మెడే ముందు పట్టుకుంది. అతని ఒళ్లంతా బిగుసుకుంది. ఆమె వేళ్లు చెవుల వెనక నుంచి భుజాల దాకా దిగి ఆగాయి.

"మెడ మెత్తగనే ఉంది కొడుకా. ఈడ ఏం లేదు. నీ చెవిల వడ్డదంత నువ్వు ఇన్నవ్."

మట్టయ్య ఎంత గట్టిగా ఊపిరి వదిలాడంటే చాప మీది దుమ్ము లేచింది. సత్యానందం నోరు తన మెడ పక్కనే ఉండిందని, వినని మాట ఉంటే అక్కడే ఉంటుందని ఏడాదిగా అతని భయం.

సాయమ్మ అతని ఎడమ చేతిని ఎత్తబోయింది. అది కొయ్యలా ఆగిపోయింది. చంక కింది నుంచి పక్క మీదుగా తడుముతూ నడుము దాకా వచ్చి, అక్కడ బొటనవేలు నొక్కి పట్టింది.

"చెయ్యి లేవకపోవుడు చేతి తప్పు గాదు. ఈ నడుంకాడ మొదలైన కండ, వీపంత పర్సుకొని, సంక కిందికెళ్లి పోయి దండచేతికి కట్టుకుంటది. ముడి ఈడుంది. కిందికెళ్లి ఎవలో పట్టుకొని గుంజుతున్నట్టుంది."

"నడుంకాడైతే పెట్టు అవ్వా," అన్నాడు మట్టయ్య, నవ్వినంత పనిచేసి. "ఎన్నన్న పెట్టు."

ఒకటే పెట్టింది. దీపం ఆరింది. కండ ఎంత ఉబికిందంటే ముంత పగులుతుందేమోనని ఏసమ్మ ముందుకు వంగింది. సాయమ్మ అంచు నొక్కి ఊడదీసి, ఆచారం ప్రకారం మట్టయ్య చెవికి అందించబోయింది. అంతలోనే ముంత మాట్లాడింది. చెవికి ఆనించే పని లేకుండానే వాకిలంతా వినబడింది.

"దించకు మట్టన్నా. దించకు."

కొడుకు గొంతు తల్లికి ఎవరూ చెప్పనక్కర్లేదు. సువార్తమ్మ ఒక్క అంగలో వచ్చి ముంతను లాక్కుంది. రెండు చేతులతో పట్టుకుని, గుండెకు పెట్టుకుని, చెంపకు పెట్టుకుంది. తర్వాత కోడలి చెయ్యి లాగి ముంత మీద పెట్టింది. అప్పుడే దింపిన అన్నం గిన్నెలా వెచ్చగా ఉంది. దీపం వేడేమోనని కాసేపు చూశారు. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కింది. ముంత ఏ మాత్రం చల్లబడలేదు.

"బతికున్నడు," అంది సువార్తమ్మ. "నా కొడుకు బతికున్నడు."

మట్టయ్య లేచి కూచున్నాడు. నడుము మీద నల్లగా గుండ్రటి మచ్చ పడింది. ఎవరూ అడగకముందే సువార్తమ్మ వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"వాగు దాక వీపుమీన్నే ఉండె. చెవిల మాట్లాడుకుంటనే ఉండె. ఎనక తుపాకులు దగ్గరైనయ్. ఉర్కరాక భుజమ్మీదేసుకున్న, బస్త లెక్క. తలకాయి ఎనక నడుందాక ఏలాడవడ్డది. ఇగ ఏం మాట్లాడిండో నాకు ఇనవడలే. చిన్నమ్మా, దేవునితోడు ఇనవడలే. కదలకుంటయ్యిండు. ఆముదం చేన్ల పండబెట్టిన."

"సచ్చిండా అప్పటికి?" అంది ఏసమ్మ.

"మొఖం సూడలే."

"ఎందుకు సూడలే?"

"సూస్తే ఇడిసిపెట్టి పోలేనని సూడలే, ఏసమ్మా."

వాకిట్లో కూచున్న హమాలీలు కూడా తలలు దించుకున్నారు. ఏసమ్మకు అతన్ని కొట్టాలనిపించింది. అంతకన్నా ఎక్కువగా, ఆ ముంత ఎన్నటికీ ఊడకుండా ఉంటే బాగుండేదనిపించింది. అట్లా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"విన్న అనకు," అని మట్టయ్య మీదికి పోయింది సువార్తమ్మ. "అంటే మాట పోతది. నా కొడుకు నాకు ఈ ముంతలనే ఉన్నడు."

"ఇంటికొద్దు సువార్తమ్మా," అని సాయమ్మ చెప్పి చూసింది. "మాట ఇంట్ల తిరుగుతది. బతుకనియ్యదు."

తల్లి వినలేదు. మట్టయ్య విన్న అనలేదు. చెయ్యి అట్లాగే ఒంటికి అంటుకుని ఉండగా అంగీ తొడుక్కుని, అటునుంచి అటే మాడుగులపల్లికి నడిచాడు.

మనువు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మరునాడు గాజులాయన వీధిలోకి వస్తే సువార్తమ్మే పిలిచి, కోడలి చేతులకు గాజులు వేయించింది. పోయినేడు ఆ చేతుల గాజులు తీసింది కూడా ఆమే. ముంతను గూట్లో బైబిలు పక్కన పెట్టింది. వంటప్పుడు, ప్రార్థనప్పుడు, తినే ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు అది మాట్లాడేది. దించకు మట్టన్నా, దించకు. "దించడు బిడ్డా, ఈసారి దించడు," అని సువార్తమ్మ జవాబు చెప్పి మళ్లీ ముద్ద కలుపుకునేది. పొద్దున్నే లేచి ముంతను తడిమి, "ఎచ్చగున్నడు" అని కోడలికి చెప్పేది, చంటివాడి ఒళ్లు చూసినట్టు. కొడుకు పోయినప్పటినుంచి బావి దిక్కు చూడని ఆ మనిషి మళ్లీ బావికి పోతోంది, కొడుకు వస్తే పడుకోవడానికని మంచానికి కొత్త నులక అల్లిస్తోంది.

మట్టయ్య వెతుకుతూనే ఉన్నాడు. ఆముదం చేను పక్క గుడిసెలో ఒక ముసలమ్మ, గాయపడ్డ మనిషిని ఎవరో బండిలో వేసుకుపోయారని చెప్పింది. మిర్యాలగూడ దవాఖానలో అడిగాడు, హుజూర్‌నగర్ సంతలో అడిగాడు. ప్రతిసారీ తిరిగొచ్చి, గడప బయటే కూచుని, ఎక్కడెక్కడ తిరిగాడో ఆ తల్లికి చెప్పేవాడు. ఏసమ్మ నీళ్లిచ్చేది, మాట్లాడేది కాదు. అతని మీద కోపం ఆమెకు ఎప్పుడో తగ్గింది. తగ్గిందని చెప్పడానికి నోరు రాలేదు.

చలికాలం వచ్చింది. ఒక తెల్లవారుజామున పొయ్యి రాజేయడానికి ఏసమ్మే ముందు లేచింది. గూటి దగ్గర చెయ్యి తగిలి ముంత కదిలింది. పడిపోతుందని పట్టుకుంది.

చల్లగా ఉంది.

రెండో చెయ్యి పెట్టి చూసింది. చెంపకు పెట్టుకుని చూసింది. బావిలోంచి తీసిన రాయిలా ఉంది. "దించకు," అంది ముంత, రోజూ అన్నట్టే. ఏసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద కూలబడింది. ఎక్కడ పోయాడో తెలియదు, పక్కన ఎవరున్నారో తెలియదు. ఇన్నాళ్లూ బతికే ఉన్నాడు. ఈ రాత్రి పోయాడు. ఇప్పుడామె నిజంగా ముండమోసింది. అత్తను లేపి ఒక్క మాట చెబితే చాలు, ఏడవడమూ అయిపోతుంది, వెతకడమూ అయిపోతుంది. గడప బయట కూచునే మనిషి లోపలికి రావచ్చు.

లోపల మంచం కిర్రుమంది. సువార్తమ్మ దగ్గి, నిద్రలోనే కొడుకు పేరు గొణిగింది.

ఏసమ్మ కళ్లు తుడుచుకుంది. పొయ్యిలో నిప్పులు ఒక పక్కకు లాగి, వేడి బూడిద మీద ముంతను నిలబెట్టింది. ఎంతసేపు ఉంచాలో, మరీ ఎక్కువ కాకుండా, వేలితో చూసుకుంటూ కూచుంది. అత్త లేచేసరికి ముంత గూట్లోనే ఉంది.

"ఎచ్చగున్నడు," అంది సువార్తమ్మ.

"ఉన్నడు అత్తా," అంది ఏసమ్మ.

ఎండ ఎక్కాక మట్టయ్య వచ్చాడు. ముఖంలో కొత్త ఆశ ఉంది. బండిలో తీసుకుపోయినవాళ్లది కోదాడ పక్క అనంతగిరి దిక్కని ఎవరో చెప్పారట, కోదాడలో అడిగితే తెలుస్తుందట. సువార్తమ్మ సంతోషం పట్టలేక గూట్లోంచి ముంత తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"సూడు, నువ్వే సూడు కొడుకా. ఎట్లున్నడో."

మట్టయ్య కుడిచేత్తో అందుకున్నాడు. అడుగున బూడిద అంటుకుని ఉంది. దాన్ని వేలితో తుడిచాడు. ఏసమ్మ వైపు చూశాడు. ఆమె అతని దారికి రొట్టెలు మూట కడుతోంది. గాజులు చప్పుడు చేస్తున్నాయి. తల ఎత్తలేదు.

"ఎచ్చగున్నడు చిన్నమ్మా," అన్నాడు.

ఏసమ్మ మూట తెచ్చి అతని ముందు పెట్టింది. ఎన్నో నెలల తర్వాత అతనితో మాట్లాడింది.

"కోదాడల మంచిగ సూడు బావా. తొందరపడి మర్లి రాకు."

"రాను," అన్నాడు మట్టయ్య.