చెయ్యి ఎత్తే బొమ్మ

మా ఆయన బస్సు డ్రైవరు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ ఆవిడ వ్యాయామాలు నేర్పింది. ఇప్పుడు చెయ్యి కదపకపోతే భుజం బిగుసుకుపోతుందని, ఆ తర్వాత తనూ ఏమీ చేయలేనని మొహం మీదే చెప్పింది. ఈయనేమో గోడకేసి తిరిగి పడుకుంటాడు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోనులో పిల్లల కార్టూన్లు మాత్రం కళ్ళార్పకుండా చూస్తాడు.

"అవే చూస్తానంటే మీ అన్నయ్యనే కార్టూన్ చేసేద్దాం," అన్నాను మా ఆడపడుచుతో. యానిమేషనే ఆమె ఉద్యోగం.

"నేను చేసిస్తాలే వదినా."

"వద్దు, నాకే నేర్పు. ఆయన్ని చూస్తూ ఊరికే కూర్చుంటే పిచ్చెక్కిపోతోంది."

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. కత్తిరింపు బల్ల మీద జాకెట్ గుడ్డలు పక్కకు తోసి లాప్‌టాప్ పెట్టాం. ముందు మనిషి మొత్తాన్నీ ఒకే లేయర్ మీద, అంటే ఒకే పొరగా గీశాను. చెయ్యి పట్టి లాగితే మనిషే పక్కకు ఒరిగాడు.

"అయ్యో, అన్నయ్య తాగినట్టున్నాడే!" అని పడీ పడీ నవ్వింది. కదిలే భాగానికి వేరే లేయర్ ఉండాలట.

సరే, చేతిని భుజం గీత దగ్గర నీటుగా కోసి, వేరే లేయర్ మీద పెట్టాను. పైకెత్తగానే చంక దగ్గర చిల్లు పడి, బొమ్మ వెనక గీసిన గోడ కనిపించింది.

"కుట్టుకి గుడ్డ వదలని టైలర్ని నిన్నే చూశా వదినా!"

సిగ్గుతో చచ్చాను. జాకెట్లకు లోపల ఇంత గుడ్డ వదిలేదాన్ని, బొమ్మే కదా, దీనికెందుకులే అనుకున్నాను. మళ్ళీ చొక్కా కిందకు చొచ్చుకుపోయేలా చెయ్యి గీశాను.

ఇక కదలిక. కిందున్న చెయ్యి ఒక ఫ్రేము, పైకెత్తిన చెయ్యి ఇంకో ఫ్రేము. నడుమ ఉన్నవి సాఫ్ట్‌వేరే నింపుతుంది. తొందరలో రెండింటినీ టైము గీత మీద దగ్గరగా పెట్టేసరికి బొమ్మ ఎవరి చెంపో పగలగొడుతున్నట్టు చెయ్యి లేపింది. దూరం జరిపాను. ఈసారి చెయ్యి నెమ్మదిగా తలదాకా లేచింది. పెళ్ళయిన కొత్తలో ఆయన బస్సు కిటికీలోంచి నాకు అలాగే చెయ్యి ఊపేవాడు. ఏడుపొచ్చేసింది.

ఆశగా తీసుకెళ్ళి ఆయనకి చూపించాను. చూశాడు. మొహం మాడ్చుకున్నాడు.

"ఇది నేను కాదు. నా చెయ్యి అంత లేవదు. వెక్కిరిస్తున్నావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎంత లేస్తుందో నాకేం తెలుసు? ఒక్కసారైనా ఎత్తి చూపించారా మీరు?"

ఆయన లేచి కూర్చుని, పళ్ళు బిగించి ఎత్తాడు. చెయ్యి ఒడిలోంచి కాస్త లేచి, వణికి, పడిపోయింది.

"అంతే," అన్నాడు. కళ్ళలో నీళ్ళు.

నా కళ్ళలోనూ తిరిగాయి. ఓదారిస్తే మళ్ళీ గోడకేసి తిరుగుతాడేమోనని భయం. మెళ్ళో ఉన్న టేపు తీసి, "ఇంకోసారి ఎత్తండి, కొలవాలి," అన్నాను. విసుక్కుంటూనే ఎత్తాడు. వెళ్ళి ఆ తలదాకా లేచిన ఫ్రేము తీసేసి, బొమ్మ చెయ్యిని సరిగ్గా ఆయన ఎత్తినంత మేరకే నిలిపాను. ఆయన ఫోనులోకి ఎక్కించి రెండోసారి చూపిస్తే, తీసుకుని మళ్ళీ చూసుకున్నాడు. మర్నాడు నేను టీ తెచ్చేసరికి ఫోను ఎదురుగా పెట్టుకుని, బొమ్మతో పాటు తనూ ఎత్తుతున్నాడు. ఏమీ ఎరగనట్టు టీ అక్కడ పెట్టి వచ్చేశాను.

ఆ నెలాఖరున మిషను మీద ఉండగా లోపలినుంచి కేక.

"ఒసేయ్, టేపు పట్టుకురా! నీ బొమ్మ వెనకబడిపోయింది!"

దారం తెంపి పరుగెత్తాను. చెయ్యి ఛాతీదాకా లేచి ఉంది. వణుకుతోంది, చెమట కారుతోంది. అయినా దించలేదు. నేను వచ్చి కొలిచేదాకా అలాగే ఎత్తి పట్టుకున్నాడు.