నేను మూయించిన సందు

ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా చేశాను. మా కాలనీ తరఫున అర్జీలన్నీ నేనే రాస్తాను. కుళాయి కోసం రాశాను, వీధి దీపాల కోసం రాశాను, నంద్యాల జిల్లా అయ్యాక కొత్త కలెక్టరాఫీసుకు పోయి మురికి కాలవ కోసం కూడా ఇచ్చి వచ్చాను. ఒక్కదానికైనా జవాబొస్తే ఒట్టు! పనైంది ఒకే ఒక్క అర్జీతో. దాన్ని తలచుకుంటే ఇప్పుడు ఆ పెన్నును పొయ్యిలో పెట్టాలనిపిస్తుంది.

ఊరి చుట్టూ రింగురోడ్డు వేసినప్పుడు మా కాలనీ ఇవతల పడింది, మా సమాధుల తోట అవతల పడింది. మధ్యలో నాలుగు వరసల రోడ్డు, దాని నడిమధ్యన ఛాతీ ఎత్తు సిమెంటు గోడ. మనుషులు దాటడానికి గోడలో ఒక సందు వదిలారు. నిరుడు ఆ సందులోంచి దాటుతూ మేస్త్రీ యెషయా కూతురు జెస్సికా లారీ కింద పడి చనిపోయింది. తొమ్మిదో తరగతి. నా దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్ల. ఆ వారమే యెషయా వచ్చి నా గడప మీద కూలబడి, "సారూ, ఆ సందు మూయించు. ఇంగొకరి బిడ్డ పోగూడదు" అన్నాడు. ఏడుస్తూనే రాశాను. మొదటి సంతకం అతడే పెట్టాడు. ఇరవై రోజుల్లో సందు మూసేసి, 'కాలనీ ప్రజల కోరికపై మూసివేయబడినది' అని బోర్డు కూడా పెట్టారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను, నా మొహానికి!

జెస్సికాను సమాధుల తోటకు మోసుకుపోయింది కూడా ఆ సందులోంచే. అయినా అది ఒక్కరికీ గుర్తు రాలేదే! ఆ దుఃఖంలో, కాలనీలో ఇంకో చావు వస్తుందని ఎవరికి తోస్తుంది?

పోయిన మంగళవారం మా అక్క జీవమ్మ కన్నుమూసింది. అమ్మ లేని నన్ను పెంచింది ఆమే. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్ల దగ్గర రాళ్లు మోసి నన్ను పంతులును చేసింది. వక్కిలేరు పారే రోజుల్లో నన్ను భుజాల మీద ఎక్కించుకుని, నడుంలోతు నీళ్లు దాటించి బడికి చేర్చేది. మంచాన పడ్డాక నన్ను ఒక్కటే అడిగింది.

"సామ్యేలూ, నన్ను బండిలో ఏసి తోలొద్దురా. భుజం మీద తీస్కపో."

"నేనే ముందు పట్టుకుంటాలే అక్కా" అన్నాను. మా సంఘంలో పద్ధతి కూడా అదే. చర్చి గడప దాటిన పెట్టె గుంత దగ్గరే దిగాలి.

బుధవారం పదకొండు గంటలకు పెట్టె ఎత్తాం. ముందు కుడివైపు నేను, ఎడమవైపు యెషయా. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. ఇవతలి రెండు వరసలు ఎలాగో దాటి గోడ దగ్గర నిలబడ్డాం. పెట్టెను గోడ మీదుగా అందిద్దామని ఇద్దరు అవతలికి దూకారు. పెట్టె గోడ మీదికి చేరిందో లేదో, హారన్ కొడుతూ ఒక టిప్పరు వచ్చింది. అవతలివాళ్లు చేతులు వదిలేసి గోడకు అంటుకుపోయారు. పెట్టె ఒక పక్కకు ఒరిగింది. లోపల అక్క జారిన చప్పుడు నాకు వినబడింది.

వెనక్కి లాగి మళ్లీ భుజాలకెత్తుకున్నాం. రోడ్డు కాపలా చూసే శ్రీకాంత్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏంది సారూ ఇది? ఇంగో నలుగురిని పోగొట్టుకుంటారా? బండిలో ఏస్కోని, పాణ్యం దిక్కు పోయి తిప్పుకోని రాండి."

"పది నిమిషాలు బండ్లు ఆపప్పా. ఆమెకు మాటిచ్చినా."

"నా చేతిలో ఏముంది సారూ? ఒక జెండా ఇచ్చినారు, అంతే. సందు మూయించింది మీ కాలనీవాళ్లే గదా. ఆడ బోర్డు సూడు."

అక్క బరువు భుజం మీద పెట్టుకుని నా బోర్డు నేనే చదువుకున్నాను.

మా వీధి నారాయణ తన మినీ లారీ తెచ్చాడు. ఎక్కించాం. ఆడవాళ్లు ఇవతలే ఉండిపోయారు, పాట కూడా వాళ్లతోనే ఆగిపోయింది. సమాధుల తోట గేటు పిలిస్తే పలికేంత దగ్గర్లో కనబడింది. బండి దాన్ని దాటుకుని పోయింది. ఐదు కిలోమీటర్లు పోయి, మళ్లీ ఐదు కిలోమీటర్లు వెనక్కి రావాలి. దారి పొడుగునా పెట్టె మీద చెయ్యి వేసి, "వస్తాండాంలే అక్కా, వస్తాండాం" అంటూ పసివాడిలా ఏడ్చాను.

మట్టి వేశాక సంఘపెద్ద నా దగ్గరికి వచ్చాడు. "సారూ, నువ్వు రాస్తే పనైతాది. ఆ సందు తెరవమని రాయి. రేపు మాకూ ఇదే గతి గదా" అన్నాడు. అందరూ అవునన్నారు.

యెషయా కొంచెం అవతల కూతురి సమాధి మీద పడిన ఆకులు ఏరుతున్నాడు. లేచి వచ్చాడు.

"రాయి సారూ, నేను అడ్డం రాను. నా సంతకం మాత్రం అడగొద్దు."



ఇంటికి వచ్చి కాగితం తీశాను. 'గౌరవనీయులైన' అని రాశాను. నాలుగు రోజులైంది. ఆ కాగితం మీద ఇంకా ఆ ఒక్క మాటే ఉంది.