పచ్చ సిరా ఆవిడ

మా ఆయనకి ఒక జబ్బుంది. కళ్ళ ముందు అక్షరం కనబడితే చాలు, పైకి చదవాలి. మందు సీసా మీద తేదీ, లారీ వెనక రాత, పక్కింటి పెళ్ళిపత్రికలో అచ్చు వేసిన ప్రెస్సు పేరు, ఏదీ వదలరు. మనసులో చదువుకోవచ్చు కదండీ అంటే, "మనసులో చదివితే నీకెలా వినబడుతుందోయ్?" అంటారు. పద్దెనిమిదేళ్ళుగా వింటున్నాను. జరిగిన అనర్థానికంతటికీ ఆ నోరే కారణమని నిరూపిద్దామని చాలా ఆలోచించాను. కుదరలేదు.

ఏటా వేసవి సెలవుల్లో ఐదు రోజులు మేం నలుగురం, అంటే ఆయనా, నేనూ, మా అమ్మాయీ, అత్తగారూ, ఒక సరస్సు ఒడ్డున అద్దె ఇంటికి వెళ్తాం. ఎప్పుడూ అదే ఇల్లు, అదే వారం. రెండు గదులు, ఒక వంటిల్లు, తలుపు వేస్తే కిటికీ తెరుచుకునే స్నానాలగది. వంటింట్లో పొయ్యి పక్కన మేకుకి దారం కట్టి ఒక లావుపాటి నోటుపుస్తకం వేలాడుతుంటుంది. ఆ ఇంట్లో దిగినవాళ్ళు చుట్టుపక్కల తాము కనిపెట్టిన సంగతులు తర్వాత వచ్చేవాళ్ళ కోసం అందులో రాసిపెట్టాలి. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు అందులో ఉన్నవి రెండే వాక్యాలు. ఒకటి "దోమలు ఎక్కువ". రెండోది "చాలా బాగుంది".

దాన్ని పుస్తకం చేసింది నేను. చీమలు పట్టని బండ ఏది, నడుము దాటని నీళ్ళు ఏ రేవులో ఉంటాయి, రొట్టెల దుకాణం వెనక తలుపు ఎన్నింటికి తీస్తే అంచు మాడని రొట్టె దొరుకుతుంది, విరిగిన గొడుగు ఊచ మార్చే దర్జీ ఏ సందులో ఉంటాడు, అన్నీ ఏడేళ్ళపాటు రాశాను. డిగ్రీలో చరిత్ర చదువుకుని నేను చేసిన పరిశోధన అదొక్కటే. తర్వాత దిగినవాళ్ళు నా రాత కింద "నిజమేనండీ", "బండ దొరికింది, చీమలు లేవు" అని రాసేవారు. మా ఆయన అవి పైకి చదివేవారు. అప్పుడు మాత్రం ఆ జబ్బు నాకు ముద్దొచ్చేది.

ఎటొచ్చీ అత్తగారి నోట ఒక మంచిమాట రాలేదు. బండ మీద కూర్చోబెడితే "పరవాలేదు" అన్నారు. రొట్టె పెడితే "పరవాలేదు" అన్నారు. ఏడేళ్ళలో ఏడు పరవాలేదులు. ఎనిమిదో ఏడు "బాగుంది" అనిపించి తీరాలని ఇంటి దగ్గరే శపథం పట్టి బయల్దేరాను.

ఆ ఏడే పచ్చ సిరా వచ్చింది.

మేం సామాను దించీ దించకముందే మా ఆయన పుస్తకం పట్టుకున్నారు. "ఎవరో కొత్తగా రాశారోయ్, పచ్చ సిరాతో. పాత లాంచీల రేవు చివర ఒక చెక్కగది ఉంది. సరస్సు ఒడ్డుకి విసిరేసిన వస్తువులన్నీ అక్కడుంటాయి. ఏవీ అమ్మరు. మీ వస్తువేదైనా పోతే అక్కడ అడగండి. పోకపోయినా వెళ్ళండి."

"పోకపోయినా వెళ్ళండి! ఎంత బాగా రాసింది!" అంది మా అమ్మాయి.

"రాసింది అని నీకెలా తెలుసు? రాశాడేమో," అన్నాను.

"అక్షరాలు చూడమ్మా, ఎంత గుండ్రంగా ఉన్నాయో."

నా అక్షరాలు కొంచెం ముందుకి ఒరిగి ఉంటాయి. బస్సుకి పరిగెత్తుతున్నట్టుంటాయని మా ఆయన అంటారు.

సరే, వెళ్ళాం. లాంచీలు నడిచే రోజుల్లో అది టిక్కెట్లిచ్చే గది. లాంచీలు ఆగిపోయినా టిక్కెట్లిచ్చే ఆవిడ మాత్రం గది వదల్లేదు. గాలికి ఆ మూలకి కొట్టుకొచ్చేవన్నీ ఏరి, కడిగి, ఆరబెట్టి, అరల్లో సర్దింది. ఒంటి చెప్పులు, టోపీలు, కళ్ళజోళ్ళు, తెడ్డు, గాజు బిరడాలు, ఒక ప్లాస్టిక్ బాతు. ప్రతిదానికీ ఒక చీటీ. ఏ రోజు దొరికింది, గాలి ఎటునుంచి వీచింది. ఎవరివి వాళ్ళొచ్చి ఆనవాలు చెప్పి తీసుకెళ్ళొచ్చు. రెండేళ్ళు ఎవరూ రాకపోతే, ఇష్టపడ్డవాళ్ళకి ఇచ్చేస్తుంది. అమ్మకం లేకపోయినా ఎందుకో అందరం దాన్ని కొట్టు అనే అన్నాం, ఆవిణ్ణి కొట్టావిడ అన్నాం.

అత్తగారు ఒక నీలం గాజు బిరడా తెచ్చుకుని కిటికీలో పెట్టుకున్నారు. ఎండ పడితే గోడ మీద నీలం చుక్క. దాన్ని చూస్తూ చూస్తూ, "ఎవరో గానీ బుర్రున్న మనిషమ్మా, ఆ పచ్చ సిరా ఆవిడ," అన్నారు.

పరవాలేదు కాదు. బుర్రున్న మనిషి.

నేను పప్పు కలుపుతున్నాను. కలుపుతూనే ఉన్నాను. "ఇంక చాలోయ్, అది పప్పు, సిమెంటు కాదు," అన్నారు మా ఆయన.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో పచ్చ సిరా జపమే. చెట్టు చూస్తే "పచ్చ సిరా ఆవిడైతే దీని గురించి ఏం రాసేదో!" నేను కొత్తగా ఒక ఊటనీళ్ళ పంపు కనిపెట్టి తీసుకెళ్తే, అందరూ తలో గుక్క తాగి, కొట్టుకి పోదాం పదండన్నారు. కనీసం ఆ గ్లాసు కడిగినవాళ్ళు కూడా లేరు.

బయల్దేరే రోజు పొద్దున్న వాళ్ళు కారులో సామాను సర్దుతుంటే నేను వంటింట్లో ఒక్కదాన్నే మిగిలాను. సొరుగులో పెన్సిలు ముక్క ఉంది. నేను దేవుణ్ణి నమ్ముతాను గానీ, ఆ క్షణంలో ఆయన అటువైపు చూడకపోతే బాగుణ్ణనుకున్నాను. ఎడమచేత్తో, పచ్చ అక్షరాల కింద, "ఈ కొట్టు మూసేశారు. అంత దూరం నడిచి శ్రమపడకండి" అని రాశాను. తర్వాత వెళ్ళి కారులో కూర్చుని, దారి పొడుగునా హాయిగా కిటికీ బయటికి చూశాను.

ఆ హాయి సరిగ్గా ఏడాది ఉంది.

ఈ ఏడు మళ్ళీ అదే ఇల్లు, అదే మేకు, అదే మా ఆయన. "అయ్యో, ఎవరో పెన్సిలుతో రాశారు. కొట్టు మూసేశారట!"

అత్తగారు ఉన్నచోటే కుర్చీలో కూలబడ్డారు. "పాపం, మంచి మనిషమ్మా ఆ కొట్టావిడ. ఏమయిందో ఏమో."

"ఆగండి, కింద మళ్ళీ పచ్చ సిరా. పోయిన వారం తేదీ వేసింది." ఆయన గొంతు సవరించుకున్నారు. "మూసేశారా! నాకు తెలియదండీ. నా మాట నమ్మి అంత దూరం నడిచి తాళం చూసి వెనక్కి వచ్చినవాళ్ళందరికీ క్షమాపణలు. తప్పు నాదే."



"చూశావా, ఎంత మర్యాదస్తురాలో! తనది కాని తప్పుకి కూడా క్షమాపణ చెప్పింది," అన్నారు ఆయన.

నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధం ఆడింది నేను, క్షమాపణ చెప్పుకుంది ఆవిడ, మార్కులు మళ్ళీ ఆవిడకే. ఒక మనిషితో మొహం కూడా చూడకుండా ఇన్నిసార్లు ఓడిపోవడం నాకే చెల్లింది.

మూడో రోజు పడవెక్కాం. మా ఆయన ముందు తెడ్డు మీద అతికించిన సూచనలన్నీ చదివి వినిపించి, తర్వాత వాటికి విరుద్ధంగా పడవ నడిపారు. అత్తగారు జామకాయ తిన్నారు. గింజ కట్టుడు పళ్ళ కింద దూరింది. పళ్ళు తీసి, సీసాలో నీళ్ళతో కడిగి, నీలం డబ్బాలో పెట్టి మూత బిగించి ఒళ్ళో పెట్టుకున్నారు. అంతలో కొంగ ఎగిరింది.

"అదుగో, కొంగ!" అని చెయ్యెత్తారు. డబ్బా జారి నీళ్ళలో పడింది.

మూత బిగుతుగా ఉంది కాబట్టి మునగలేదు. గాలి ఇటు, మా పడవ అటు. "తిప్పండి, తిప్పండి" అని అందరం అరిచాం. ఆయన తిప్పారు, గుండ్రంగా. మూడో చుట్టు అయ్యేసరికి డబ్బా నీలం చుక్కయింది. తర్వాత అదీ లేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ పళ్ళు కుదిరేసరికి ఆవిడ నాలుగు నెలలు పళ్ళ డాక్టరు చుట్టూ తిరిగారు. ఒక సెట్టు నొక్కింది, ఒకటి టకటకలాడింది. ఈ మూడోదానితోనే ఆవిడ మళ్ళీ నలుగురిలో నోరు విప్పి నవ్వడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నారు. రొట్టె పాలల్లో నానబెట్టి ఇచ్చాను. "వద్దు" అన్నారు. మాట గాలిలా వచ్చింది. ఆవిడతో పద్దెనిమిదేళ్ళుగా వాదిస్తున్నాను. ఇంత మెత్తగా ఎప్పుడూ వినబడలేదు.

"ఆ కొట్టు ఉండి ఉంటే డబ్బా ఈపాటికి అక్కడుండేది నాన్నా," అంది మా అమ్మాయి.

నానబెట్టిన రొట్టె నేనే తినేశాను.

మర్నాడు పొద్దున్నే పాలకి వెళ్తున్నానని చెప్పి రేవుకి పరిగెత్తాను. తలుపు తీసే ఉంది. కొట్టావిడ అరలు తుడుస్తోంది. రెండో అరలో నీలం డబ్బా. చీటీ మీద "నిన్న సాయంత్రం. పడమటి గాలి."

"అది మా అత్తగారిదండీ!" అన్నాను, ఆయాసంతో.

"కావచ్చమ్మా. ఆవిణ్ణే రమ్మను. కళ్ళజోడు మా అమ్మదంటూ ఒకాయన పట్టుకెళ్ళాడు, మూడోనాడు అసలావిడ వచ్చి ఏడ్చింది. ఆ తర్వాత పెట్టుకున్న నియమం ఇది. పళ్ళయితే మరీ మంచిది, పెట్టుకు చూస్తే తెలిసిపోతుంది."

బతిమాలాను. తుడుపు ఆపలేదు. తుడుస్తూనే అంది, "ఏడాదై మనిషి జాడ లేదమ్మా. పోగొట్టుకున్నవాళ్ళు రానప్పుడు ఇవన్నీ చెత్తే కదా. నెలాఖరుకి తాళం వేసేస్తున్నాను. కిందటేడు ఒకావిడ రోజూ వచ్చి చీటీలు రాసిపెట్టేది, పచ్చ కలంతో. మళ్ళీ ఏడు వస్తానంది. రాలేదు. ఒంట్లో ఎలా ఉందో ఏమో."

పై అరలో నిజంగానే కొన్ని చీటీలు పచ్చగా, గుండ్రంగా ఉన్నాయి. నేను రాసిన అబద్ధం నెలాఖరుకి నిజం కాబోతోంది.

అయినా సరే, ఇంటికి నడుస్తూ నేను ఆలోచించింది తప్పించుకునే దారే. గేటు దగ్గరికొచ్చేసరికి దొరికింది. "ఏమండీ, కొట్టు మళ్ళీ తెరిచారట!"

ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. పాలేవని కూడా అడగలేదు. అరగంటలో నలుగురం రేవులో ఉన్నాం.

అత్తగారు డబ్బా తీసుకుని గోడవైపు తిరిగారు. టక్కుమని చప్పుడు. ఇటు తిరిగి, "నావే!" అన్నారు. ఆ రెండక్షరాలూ గంట కొట్టినట్టున్నాయి. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మా ఆయన అప్పటికే చీటీలు చదవడం మొదలెట్టారు. "ఎడమకాలి చెప్పు, ఉత్తరపు గాలి..."

"మళ్ళీ తెరిచి మంచిపని చేశావమ్మా," అన్నారు అత్తగారు.

కొట్టావిడ తెల్లబోయింది. "మూస్తే కదా తెరవడానికి? నేనెప్పుడు మూశాను?"

"మరి పుస్తకంలో పెన్సిలుతో రాశారే?" మా ఆయన చీటీ వదిలేసి ఇటు తిరిగారు. ఆయన మొహంలో ఆలోచన మొదలైతే నాకు భయం. "ఆఁ, తెలిసింది! ఇది ఆ పచ్చ సిరా ఆవిడ పనేనోయ్. అందరూ వచ్చేస్తున్నారని, తనొక్కర్తే అనుభవిద్దామని పెన్సిలుతో అలా రాసి, ఎవరికీ అనుమానం రాకుండా కింద క్షమాపణ!"

"అమ్మో, ఎంత నాటకం!" అంది మా అమ్మాయి.

"నాకప్పుడే అనిపించింది," అన్నారు అత్తగారు, పళ్ళు కుదిరిన ధీమాతో. "అక్షరాలు మరీ అంత గుండ్రంగా రాసేవాళ్ళని నమ్మకూడదు. మా కోడలే నయం. ఏది దొరికినా దాచుకోదు, నలుగురికీ రాసిపెడుతుంది. బుర్రున్న పిల్ల."

ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన మాట. అబద్ధం చెప్పను, రెండు క్షణాలు చెవుల్లో చక్కెర పోసినట్టే ఉంది. పచ్చ సిరా పీడ ఒక్క దెబ్బతో విరగడైంది. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడం. అది ఇంట్లో రోజూ చేసే పనే.

కొట్టావిడ ఒక పచ్చ చీటీని వేలితో సరిచేస్తూ, "ఆవిడ అలాంటి మనిషి కాదమ్మా," అంది. ఎవరితోనూ కాదు, చీటీతో అన్నట్టే.



"అత్తయ్యా," అన్నాను. ఆవిడకి వినబడలేదు. మళ్ళీ అన్నాను. "అత్తయ్యా, ఆవిడ రాసిందంతా నిజమే. మూసేశారని రాసింది నేను. కిందటేడు మీరు ఆవిణ్ణి మెచ్చుకున్నారని కుళ్ళుతో, ఎడమచేత్తో రాశాను. తప్పు ఆవిడది కాదు. నాది."