మూడో డికాషన్

నేను ఒక ఇత్తడి కాఫీ ఫిల్టర్‌ని. రెండు గిన్నెలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటే అది నేను. పై గిన్నె అడుగున సన్నటి చిల్లులు, లోపల పొడిని అణిచిపెట్టడానికి గొడుగు లాంటి బిళ్ళ, పైన ఒక మూత. నోరు లేదు గానీ, నెల్లూరు మూలాపేటలో రెండిళ్ళ వంటగదుల సంగతులు నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. డికాషన్ దిగేదాకా మనుషులకి వేరే పని ఉండదు. నా పక్కనే నిలబడి మనసులో ఉన్నదంతా కక్కేస్తారు.

పుట్టింది కుంభకోణంలో. నాకు చిల్లులు పొడిచిన ముసలాయనకి అప్పటికే చూపు మందగించింది. అందుకని ఒక పక్క చిల్లులు కాస్త వంకరగా ఉంటాయి. ఆ వంకర వల్లే నాలోంచి డికాషన్ నిదానంగా దిగుతుందనీ, దానికి ఆ రుచి అందుకే వస్తుందనీ నా నమ్మకం. కాదనేవాళ్ళు స్టీలు ఫిల్టర్లో తాగి చూసుకోవచ్చు.

నన్ను కొని తెచ్చింది శేషమ్మ. తీర్థయాత్రకు వెళ్ళి, అందరూ దేవుడి పటాలు కొనుక్కుంటుంటే ఆవిడ నన్ను కొనుక్కుంది. ఇంటికి రాగానే కళాయి పూయించి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, ఒక పద్ధతి పెట్టింది. పొడి మీద మొదటిసారి నీళ్ళు పోస్తే దిగేది ఇంటి యజమానికి. అదే పొడి మీద రెండోసారి పోస్తే దిగేది ఇంటికి వచ్చినవాళ్ళకి. మూడోసారి పోస్తే దిగేది, అంటే పేరుకి కాఫీ, రంగుకి కుంకుడు రసం, అది ఇంటి ఇల్లాలికి. శేషమ్మ పోయాక ఆ పద్ధతిని కోడలు కామాక్షమ్మ అక్షరం పొల్లుపోకుండా పాటించింది.

కామాక్షమ్మ లాంటి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. సబ్బు అరిగి బిళ్ళయితే దాన్ని కొత్త సబ్బు వీపుకి అంటించేది. పాల ప్యాకెట్టు కత్తిరించి, లోపల నీళ్ళు పోసి, ఊపి, ఆ నీళ్ళు గిన్నెలో వంచేది. పళ్ళపేస్టు ట్యూబును చివరికి కత్తెరతో కోసి, ఇంకో నాలుగు రోజులు లాగేది. పెళ్ళి శుభలేఖల వెనకవైపు సరుకుల చీటీలు రాసేది. వీధిలో వాళ్ళు పిసినారి అనేవాళ్ళు. ఆ మాట ఆమె చెవిన పడేది కూడా. పడితే నవ్వేది. ఆమె ముఖంలో ఏదో పోగొట్టుకున్న దిగులు నేనెప్పుడూ చూడలేదు. కోసిన ట్యూబులోంచి ఇంకాస్త పేస్టు వచ్చినరోజు ఆమె సంతోషం చూడాలి.

ఇక ఆమె ఆడబిడ్డ హైమావతి సంగతి. శేషమ్మ కూతురు, రెండు వీధుల అవతల కాపురం. చేతికి ఎముక లేని మనిషి. రెండు వీధులకి ఆటో ఎక్కేది. చెప్పు వారు తెగితే కుట్టించడం అన్నది ఎరగదు, కొత్త జత కొనేది. మామిడిపళ్ళు బుట్టలకొద్దీ తెచ్చి, సగం తిని, సగం పంచి, ఇంకో సగం కుళ్ళబెట్టేది. లెక్క కుదరదంటారా? ఆమె దగ్గర ఏ లెక్కా కుదరదు.

ఈ ఇద్దరూ రోజూ సాయంత్రం నాలుగింటికి నా ముందు కూర్చునేవాళ్ళు. "మళ్ళీ కొత్త చీరా? పోయిన్నెల కొన్నది ఏమైంది మే?" అని వదిన. "అది పాతదైపోయింది వదినా. నీ మాదిరిగా చీరకి ముసలితనం వచ్చేదాకా కట్టేది నాతో కాదబ్బా" అని ఆడబిడ్డ. ఒకరి ఖర్చు ఒకరికి వింత, ఒకరి పొదుపు ఒకరికి వేడుక. అలా ఇరవై ఏళ్ళు పోట్లాడుకున్నారు. ఆ గంట కోసమే ఇద్దరికీ తెల్లవారేదని నాకు బాగా తెలుసు.

ఒకరోజు కొంప మునిగింది. ఆ సాయంత్రం ఎదురింటి సరస్వతమ్మ వచ్చింది, ఆమె వెంట ఆమె చెల్లెలు వచ్చింది. రెండో డికాషన్ వాళ్ళిద్దరికీ సరిపోయింది. కామాక్షమ్మ మూడోది కలుపుకొని గ్లాసు నోటి దగ్గర పెట్టుకోబోతుండగా హైమావతి ఆటో దిగింది. కామాక్షమ్మ ఆలోచించనైనా లేదు. చేతిలోని గ్లాసు ఆడబిడ్డ చేతికిచ్చేసింది.

హైమావతి గ్లాసులోకి చూసింది. సరస్వతమ్మ గ్లాసులోకి చూసింది. అక్కడ కాఫీ రంగు, ఇక్కడ కుంకుడు రంగు. సరస్వతమ్మ కూడా చూసింది, చూసి పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. ఆ నవ్వు ఆపుకోకుండా నవ్వేసి ఉన్నా ఇంత అయ్యేది కాదేమో.

"ఎదురింటోళ్ళకి అది, నాకు ఇదా వదినా?" అంది హైమావతి. గ్లాసు అరుగు మీద పెట్టి, వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే తిరిగొచ్చింది, కూర్చోలేదు. "మా అమ్మ ఫిల్టర్ నాకు కావాల" అంది.  కామాక్షమ్మ నన్ను చింతపండుతో తోమింది, కడిగింది, తన కొంగుతోనే తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. చేతికి అందించి లోపలికి వెళ్ళిపోయింది. లోపల ఏడ్చిందని నేను చూడకుండానే చెప్పగలను. అన్నేళ్ళుగా ఆ చేతుల్లో ఉన్నదాన్ని.

హైమావతి ఇంట్లో నాకు రాణీవాసం. పొడి నాలుగు చెంచాలు, నిండుగా. నీళ్ళు ఒక్కసారే. దిగినదాంట్లో సగం తాగి, సగం తూములో పోసేవాళ్ళు. నన్ను తోమడానికి వేరే పొడి, తుడవడానికి వేరే గుడ్డ. తళతళలాడిపోయాను. కానీ ఒకటి చెప్పాలి. రోజూ నాలుగింటికి హైమావతి రెండు గ్లాసులు తీసేది. రెండో గ్లాసు తీశాక గుర్తొచ్చి, అల్మరాలో దడాలుమని పెట్టేది. ఆమె భర్త మస్తానయ్య పేపరు చాటునుంచి ఒకసారి చూసి, మళ్ళీ చదువుకునేవాడు.

కామాక్షమ్మ సంగతులు ఆమె భర్త పెంచలయ్య నోట వినేదాన్ని. ఆయన చెల్లెలి ఇంటికి వారానికి రెండుసార్లు వచ్చి, ఇక్కడో కాఫీ తాగి, ఇంటికెళ్ళి అక్కడో కాఫీ తాగేవాడు. ఈ పోట్లాటలో నష్టపోనివాడు ఆయనొక్కడే. "మీ వదిన కొత్త ఫిల్టర్ కొనలే మే. గుడ్డలో వడగడతా ఉండాది" అన్నాడొకసారి. హైమావతి "అయితే నాకెందుకు?" అంది గానీ, ఆ పూట అన్నం సరిగా తినలేదు. వెళ్దామని చెప్పులు వేసుకునేది, ఏమని వెళ్ళాలో తెలియక విప్పేసేది. ఇరవై ఏళ్ళ స్నేహం ఒక గ్లాసు దగ్గర తెగిపోతుందా అని ఆమెకి బెంగ. అలా ఏడాదిన్నర గడిచింది.

ఆ కార్తీకంలో తుఫాను పట్టింది. మూడు రోజులు వాన. దుకాణాలు మూసేశారు, వీధుల్లో మోకాలి లోతు నీళ్ళు. హైమావతి ఇంట్లో కాఫీ పొడి అయిపోయింది. అయిపోక ఏం చేస్తుంది! ఉన్నప్పుడు నాలుగు చెంచాలు, లేనప్పుడు డబ్బా అడుగు. ఇరుగుపొరుగుని అడిగి తెచ్చుకునే వాన కూడా కాదది.

నాలుగయింది. ఆమె నా మూత తీసి చూసింది. లోపల పొద్దుటి పొడి తడిగా ఉంది. మధ్యాహ్నం ఎవరో చుట్టం వానకి చిక్కుకొని వస్తే, చేసేది లేక దాని మీదే రెండోసారి నీళ్ళు పోసి ఇచ్చింది. ఇప్పుడు మూడోసారి పోసింది, జీవితంలో మొదటిసారిగా. నేను నా వంతు నేను చేశాను. పాలు కలిపి, రంగు చూసి మొహం ముడుచుకొని, ఒక గుక్క తాగింది.

తాగి అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"ఏమయ్యా," అంది. "ఇది మా అమ్మ కాఫీ."

మస్తానయ్య పేపరు దించాడు. "మీ అమ్మ నాకెప్పుడూ ఇంత పల్చటి కాఫీ ఇయ్యలేదే?"

"నువ్వు అల్లుడివి. నీకు మొదటిది. పిలకాయలకి కాఫీ ఎందుకని మా అన్నకి కూడా పోసేది కాదు మా అమ్మ. నాకు మాత్రం ఎవరూ చూడకుండా తన గ్లాసులోంచి రెండు గుక్కలు ఇచ్చేది. ఇదే. ఇదే రుచి." ఆమె గ్లాసులోకి మళ్ళీ చూసింది. "వదిన ఎదురింటావిడికి ఇచ్చింది వచ్చినోళ్ళకిచ్చే రెండోది. నాకు తనది ఇచ్చింది. తాగబోతా ఉన్నది ఇచ్చేసింది. నేను దాన్ని అరుగు మీద పెట్టేసి వచ్చినా."

ఆమె లేచి నన్ను కడగకుండానే సంచిలో పడేసింది. రెండు వీధులకి ఆటో ఎక్కే మనిషి, చీర మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకొని, ఆ నీళ్ళలో నడిచింది. సంచిలో నేను గోడకి ఒకసారి, గేటుకి ఒకసారి కొట్టుకొని నొక్కు పడ్డాను. ఆ నొక్కు ఇప్పటికీ ఉంది. నాకు దాని మీద కోపం లేదు.

కామాక్షమ్మ తలుపు తీసింది. తడిసి ముద్దయిన ఆడబిడ్డ, చేతిలో సంచి.  హైమావతి, "మా ఇంట్లో పొడి అయిపోయింది వదినా" అంది.

"అయిపోదా మరి," అంది కామాక్షమ్మ. "నాలుగు చెంచాలంట గదా. మీ అన్న చెప్పినాడు. రా లోపలికి, తల తుడుచుకో."

క్షమించమని ఒకరు అనలేదు, పరవాలేదని ఇంకొకరు అనలేదు. తువ్వాలు ఇచ్చేటప్పుడు కామాక్షమ్మ చెయ్యి ఆడబిడ్డ తల మీద కాస్త ఎక్కువసేపు నిలిచింది. "నీ గ్లాసు నాకిచ్చినావని నాకు తెలియలే వదినా," అంది హైమావతి తువ్వాల్లోంచి. "తెలిసేటట్టు నేనే చెప్పకపోతిని. నా మనిషివి గదా, చెప్పేదేముందిలే అనుకున్నా," అంది కామాక్షమ్మ. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం కామాక్షమ్మ నాలో కొత్త పొడి వేసి, మొదటి డికాషన్ దించి, రెండు గ్లాసుల్లో సమంగా పోసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె మొదటిది తాగడం అదే మొదలు. ఒక గుక్క తాగి, "అబ్బ, చేదు" అంది. అయినా వదల్లేదు, చివరిదాకా తాగింది. రెండోది దించి ఇద్దరూ మళ్ళీ తాగారు. మాటలు ఏడాదిన్నరవి, ఊరికే అయిపోతాయా?

అప్పుడు పెంచలయ్య పగటి నిద్ర లేచి, ఆవలిస్తూ వచ్చి కూర్చున్నాడు. చెల్లెల్ని చూసి, "ఎప్పుడొచ్చినావు మే?" అని, సమాధానం వినకుండానే కాఫీ అన్నాడు. ఆడవాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. వంటింట్లో మిగిలింది మూడోదే. కామాక్షమ్మ భయపడుతూనే కలిపి తెచ్చి ఇచ్చింది.

ఆయన తాగాడు. గ్లాసు ఖాళీ చేశాడు. తృప్తిగా మూతి తుడుచుకున్నాడు. "ఈ పొద్దు కాఫీ బలే కుదిరింది కామాక్షీ," అన్నాడు. "మన ఫిల్టర్ తిరిగొచ్చినందుకు కాబోలు."

కామాక్షమ్మ నిలుచున్నచోటే నిలబడిపోయింది. నలభై ఏళ్ళ మొదటి డికాషన్లన్నీ ఆమె కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. కోపం వస్తుందేమో అని నేను చూశాను. రాలేదు. ముందు హైమావతికి నవ్వొచ్చింది, దాన్ని చూసి కామాక్షమ్మకొచ్చింది. ఇద్దరూ వంటింట్లోకి పారిపోయి, కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వారు. "నేనేమన్నానని?" అని బయట పెంచలయ్య అడుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను కామాక్షమ్మ ఇంట్లోనే ఉంటున్నాను. శేషమ్మ పెట్టిన వరస పోయింది. మూడుసార్లు దించిన డికాషన్ ఒకే గిన్నెలో పోసి, ఎవరొచ్చినా అందులోంచే కలుపుతుంది. మనుషులు ఎవరికోసం దేన్ని దాచిపెడతారో, ఆ దాచింది వాళ్ళకి కావాలో వద్దో ఒక్కసారి అడిగి చూస్తే ఎంత బాగుండు అనిపిస్తుంది నాకు. కానీ అడిగే అలవాటు వాళ్ళకి లేదు, చెప్పే నోరు నాకు లేదు.

నాలుగింటికి పొడి వేసేది కామాక్షమ్మే. ఇప్పటికీ రెండు చెంచాలే, అంచు దాకా గీసి మరీ. ఆమె పాల గిన్నె వైపు తిరగగానే హైమావతి డబ్బాలోంచి ఇంకో చెంచా తీసి నాలో గబుక్కున పోసి, బిళ్ళ నొక్కేస్తుంది. కామాక్షమ్మకి ఆ సంగతి తెలుసు. ఆ చెంచా పడ్డ చప్పుడు వినపడేదాకా ఆమె పాల మీంచి చూపు తిప్పదు.